చెప్పులిడిసి వాయిస్తవా?

మేస్త్రి పోయాడన్న కబురు నాకు తల్లాడ బస్టాండులో తెలిసింది. బడికి పోయే బస్సు కోసం నిలబడి ఉన్నాను. భద్రాచలం నుంచి ఖమ్మం పోయే బస్సు వచ్చి ఆగింది. దాని కండక్టరు నాకు పాత పరిచయం. నేను బూర్గంపాడు పక్కన బడిపంతులుగా పనిచేసిన రోజుల నుంచీ ఆ రూట్లోనే తిరుగుతున్నాడు. ఫుట్‌బోర్డు మీద నుంచే కేకేశాడు.

"సారూ! మీ గిటార్ల మేస్త్రి పోయిండు. తెల్లారుజామున పానం పోయిందంట. మాపటేళకు మట్టి చేస్తరు. ఎదురుంగ మా బండే ఇంకోటి అటు పోతున్నది, పట్టుకో జల్దీ!"

మీ గిటార్ల మేస్త్రి అన్నాడు. ఆయన గిటారు చెయ్యడం మానేసి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళూ దర్వాజాలు, కిటికీలు, మంచాలు చేసి బతికాడు. అయినా జనానికి ఆయన గిటార్ల మేస్త్రే. నేను మాత్రం ఆ 'మీ' దగ్గరే ఆగిపోయాను. కండక్టరుకు తెలియదు గానీ, ఆయన చేత ఆ పని మాన్పించినవాణ్ణి నేనే.

ఆయన పేరు రాయను. ఆ పేరు ఇప్పటికే చాలామంది నోళ్ళల్లో నలిగింది. ఇంక నా చేతిలో కూడా నలగక్కర్లేదు.

బూర్గంపాడులో ఆయనది రేకుల షెడ్డు. బయట వరండాలో సగం చెక్కిన తలుపులు, మంచం కోళ్ళు. లోపల అడ్డంగా కట్టిన వెదురు బొంగుకు వరసగా వేలాడుతూ గిటార్లు. మనిషి పొట్టి. కళ్ళజోడుకు ఒక కాడ విరిగిపోతే గిటారు తీగ ముక్క వంచి పెట్టుకున్నాడు. నోట్లో ఎప్పుడూ బీడీ ఉండేది, ఎప్పుడూ వెలిగించినది కాదు. షెడ్డు నిండా పాలిష్‌కు వాడే స్పిరిట్ డబ్బాలు మరి. "ఈడ అగ్గిపుల్ల గీకితే నేను గూడ పాలిష్ అయిత" అనేవాడు. ఆ ఆరిన బీడీని నోట్లో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుకుంటూ పని చేసేవాడు. తిప్పడం ఆగిందంటే చెక్క దగ్గరో వైరు దగ్గరో ఏదో తేడా వచ్చిందన్నమాట.

గిటారు చేయించుకోవాలని ఎవరొచ్చినా ముందు చేతులు చూసేవాడు కాదు. కాళ్ళు చూసేవాడు.

"చెప్పులేసుకొని వాయిస్తవా, ఇడిసి వాయిస్తవా?"

మొదటిసారి ఆ ప్రశ్న విన్నవాళ్ళకు ఒళ్ళు మండేది. ఒకాయన "నేను చేత్తో వాయిస్త" అన్నాడు కోపంగా. మేస్త్రి నవ్వలేదు. బీడీ తిప్పి, "చేత్తోనే వాయించు. కాళ్ళకేం తొడుగుతవ్, గది చెప్పు" అన్నాడు. ఆ జవాబు వచ్చేదాకా టేపు తియ్యడు, చెక్క ముట్టడు.

దీనికి కారణం చెప్పాలంటే గిటారు సంగతి కొంచెం చెప్పాలి. ఎలక్ట్రిక్ గిటారును ఆంప్లిఫయరుకు తగిలించగానే, వాయించకపోయినా సరే, గుయ్ మంటుంది. ఆ మోత పోవాలంటే తీగలు ఆనుకొని ఉండే ఇనప పట్టీ కింద నుంచి లోపలి ఎర్తుకు జానెడు వైరు కలపాలి. అప్పుడు వాయించేవాడు తీగల మీద చెయ్యి వెయ్యగానే మోత అణిగిపోతుంది. కంపెనీ గిటార్లకు ఆ వైరు ఉంటుంది. కానీ ఆంప్లిఫయరులో ఎక్కడైనా కరెంటు లీకయితే ఆ వైరు గుండానే తీగల్లోకి వస్తుంది, తీగల నుంచి చేతుల్లోకి వస్తుంది. కాళ్ళకు రబ్బరు చెప్పులుంటే ఏదో అదృష్టం కొద్దీ బయటపడొచ్చు. ఉత్తకాళ్ళతో తడినేల మీద నిలబడి ఉంటే... ఆ మాటను మేస్త్రి ఎప్పుడూ పూర్తి చేసేవాడు కాదు. కుర్రతనంలో మైకుసెట్టు వాళ్ళ వెంట తిరిగాడట. "నేనొకపారి తిన్న షాకు. బతికిన గాబట్టి చెప్తున్న" అనేవాడు. అంతకు మించి ఆ కథ ఎవరికీ తెలియదు.

మాది క్రైస్తవ కుటుంబం, ఆయనదీ అంతే. చర్చిలోనైనా కూటాల పందిట్లోనైనా వాక్యం చదివే చోటికి మేం చెప్పులతో పోము. అది ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. గిటార్లు వాయించే కుర్రాళ్ళు కూడా గుమ్మం దగ్గర చెప్పులిడిచే లోపలికొస్తారు. అందుకని మేస్త్రి మా చర్చిల కోసం చేసిన గిటార్లలో ఆ జానెడు వైరు వెయ్యలేదు. మోత ఉంటే ఉండనీ అన్నాడు. భద్రాచలం నుంచి ఇటు తల్లాడ దాకా ఏ చర్చిలో ఆయన గిటారు ఉన్నా అది గుయ్ మనేది. మా పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టే ముందు, "ముందు ఆ కందిరీగల్ని లేపకండి నాయనా" అనేవారు. సంఘమంతా నవ్వేది. మేస్త్రి ఎప్పుడైనా మా చర్చికి వస్తే వెనక బెంచీలో కూర్చొని ఏమీ పట్టనట్టు పాటల పుస్తకం తిరగేసుకునేవాడు.

అడవి అంచున కూర్చొని కూడా ఆయన పచ్చికలప ముట్టేవాడు కాదు. పాత ఇల్లు కూలగొడుతున్నారని తెలిస్తే సైకిలేసుకొని గోదావరి దాటి కూడా పోయేవాడు. పాత టేకు దూలాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. నచ్చకపోతే "ఇది ఇంక ఏడుస్తనే ఉన్నది, దీన్ల నీళ్ళున్నయ్" అని వదిలేసేవాడు. గిటారు మెడకు ఆ దూలం టేకు, వేళ్ళు ఆనే పలకకు నల్లటి జిట్రేగి చెక్క. ఫారెస్టు చెక్‌పోస్టుల వాళ్ళు టేకు ముక్క కనపడితే ఊరుకోరు కదా, అందుకని ప్రతి గిటారు వీపు మీదా పాత మేకు దిగిన రంధ్రం ఒకటి పూడ్చకుండా వదిలేసేవాడు. గార్డు ఆపితే గిటారు తిప్పి ఆ రంధ్రం చూపించేవాళ్ళం. మేకు రంధ్రం ఉంటే అది ఇంటి దూలమే, అడివి చెట్టు కాదు. అంత నున్నగా పాలిష్ చేసిన గిటారుకు వెనకాల ఆ బొక్క ఏమిటని కొత్తవాళ్ళు ముఖం చిట్లించేవాళ్ళు. మేస్త్రి మాత్రం "గది దాని లైసెన్సు" అనేవాడు.

తీగల కింద ఉండి వాటి నాదాన్ని ఆంప్లిఫయరుకు పంపే పికప్ కూడా స్వయంగా చుట్టేవాడు. పాడైన స్పీకర్లలోంచి అయస్కాంతాలు, పాత రేడియో ట్రాన్స్‌ఫార్మర్లలోంచి వెంట్రుకంత సన్నటి రాగితీగ. కుట్టుమిషను చక్రానికి బిగించి వేల చుట్లు చుట్టాలి. వందకొక చింతగింజ పక్కన పెట్టేవాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే తలెత్తకుండా ఎడమ చెయ్యి పైకెత్తేవాడు. ఆ చెయ్యి దిగేదాకా తహసీల్దారొచ్చినా నిలబడాల్సిందే. పాలిష్ వానాకాలంలో ముట్టేవాడు కాదు. చపడా లక్క స్పిరిట్లో కరిగించి గుడ్డతో రోజుకొక పూత వేసేవాడు. తేమ ఉంటే పూత మీద తెల్లగా బూజు పట్టినట్టు వస్తుంది. తొందరపెడితే, "వానను నేను ఆపలేను, నువ్వు ఆపితే రేపే ఇస్త" అనేవాడు. ఆయన దగ్గర పని తొందరగా అయిన మనిషి నాకు ఒక్కడూ తెలియదు.

ప్రభుదాసు బేస్ గిటారును మాత్రం ఆయన చేసిన తీరు ఇప్పటికీ కళ్ళ ముందుంది. ప్రభుదాసు మా చర్చి కుర్రాడు, ఇరవై మూడేళ్ళవాడు. లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి పొగాకు ఆరబెట్టే బారెన్ల దగ్గర ఆకు కట్టి పెంచింది. ఒక్కడే కొడుకు. షెడ్డులో రేకు తెగిపడి ఎడమచేతి చిటికెన వేలు సగానికి పోయింది. సగం వేలితో బేస్ ఏం వాయిస్తాడని మేమంతా అనుకున్నాం. మేస్త్రి వాణ్ణి నాలుగుసార్లు పిలిపించి, నాలుగుసార్లు మెడను పట్టించి చూసి, ఆ తెగిన వేలికి అందేటట్టు మెడను ఒక పక్క సన్నగా చెక్కాడు. ఇంకొకరి చేతికిస్తే ఆ బేస్ వంకరగా తోచేది. ప్రభుదాసు చేతిలో అది ఒదిగి కూర్చునేది. "నా ఏలు మళ్ళా మొలిచినట్టున్నది మేస్త్రీ" అన్నాడు వాడు మొదటి రోజు. మేస్త్రి మురిసిపోయాడు. ఆ మనిషి ముఖంలో సంతోషం అంత బాహాటంగా నేను చూసింది అదొక్కసారే.

ఆ రోజుల్లోనే పెనుబల్లి వైపు నుంచి ఒక ఆసామి కొడుకు మోటారుసైకిలు మీద వచ్చి గిటారు చేయించుకున్నాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ భూస్వాముల కుటుంబం. కాళ్ళకు బూట్లు. మేస్త్రి ప్రశ్నకు ఆ అబ్బాయి, "నేనెందుకండీ విప్పుతాను, స్టేజీ మీద కూడా బూట్లతోనే ఉంటాను" అన్నాడు. మేస్త్రి అతని గిటారుకు వైరు వేశాడు. అది తగిలిస్తే చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. మా చర్చి కుర్రాళ్ళు అది విన్నారు. అప్పటిదాకా నవ్వుకున్న మోత అప్పటి నుంచి నామోషీ అయింది. నాకు అందరికన్నా ఎక్కువ నామోషీ. నేను పాటల బృందానికి పెద్దను, గిటారు వాయించేవాణ్ణి, పైగా పంతుల్ని. వైరు ఎందుకు వెయ్యడో నాకు పూర్తిగా తెలుసు. తెలిసీ లోపల రగిలిపోయాను.

మా పాటలు క్యాసెట్టు చేద్దామని బెజవాడ స్టూడియోకు పోయాం. నాకు వాళ్ళ గిటారే ఇచ్చారు. బేస్ వాళ్ళ దగ్గర లేదు, ప్రభుదాసు తనది తగిలించాడు. గుయ్ మంది. అద్దం వెనక నుంచి రికార్డింగు ఆయన, "ఈ మోతతో క్యాసెట్టు రాదు. బాగు చేయించుకొని వచ్చేవారం రండి" అన్నాడు. బస్సులో ప్రభుదాసు బేస్‌ను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. వాడి ముఖం చూస్తుంటే నాకు మేస్త్రి మీద కోపం పొంగుకొచ్చింది.

ప్రభుదాసుకు వచ్చేవారం స్టూడియోకు తప్ప ఇంకో సెలవు దొరకదు. బేస్ పట్టుకొని నేనొక్కణ్ణే షెడ్డుకు పోయాను.

"వైరెయ్యి మేస్త్రీ."

"ఎయ్య."

"స్టూడియోల నేల మీద తివాచీ ఉంటది. వానా, తడీ ఏం ఉండవు."

"ఇయ్యాల స్టూడియో. రేపు? పందిట్ల వాయించడా? చెప్పులిడవడా?"

నాకు మంచిమాటలు అయిపోయాయి. అప్పుడు ఆ మాట అన్నాను.

"ఆసామి కొడుక్కైతే అడగంగనే వేసినవ్. మనోళ్ళు ఏం పాపం చేసిండ్రు? వాళ్ళకు మంచి గిటారు, మనకు కందిరీగల గిటారా? నువ్వు గూడ మనల్ని తక్కువ చేస్తివి మేస్త్రీ."

బీడీ ఆగిపోయింది. ఆయన చేసినదంతా మమ్మల్ని బతికించుకోవడానికని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు నాకు తెలుసునని. అయినా ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. స్క్రూలు విప్పాడు. వైరు అతికాడు. అతికాక బేస్ తల దగ్గర ఒక ఎర్రగుడ్డ పేలిక గట్టిగా ముడేశాడు.

"సారూ, ఇను. రికార్డింగ్ కాంగనే సీదా నా తానికే తేవాలె. ఇంటికి గూడ పోనియ్యకు. ఈ గుడ్డ నేనే ఇప్పాలె. గుడ్డున్నదంటే లోపట వైరున్నదని. పిల్లగానికి గూడ చెప్పు."

"అవ్ మేస్త్రీ. తెస్త. చెప్త."

రెండూ చెయ్యలేదు. స్టూడియోలో బేస్ కొంచెం కూడా మోత లేకుండా పలికింది. అందరం ఒకరి ముఖాలొకరం చూసుకొని నవ్వుకున్నాం. రికార్డింగ్ అయ్యాక క్యాసెట్టు అట్ట మీదికని ఫొటో తీశారు. ఎర్రపేలిక ఫొటోలో ఏం బాగుంటుందని నేనే విప్పి జేబులో వేసుకున్నాను. "ఏంది సారూ అది?" అన్నాడు ప్రభుదాసు. "మేస్త్రి గుర్తు" అన్నాను. అంతే చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. వాడు సంతోషంగా ఉన్నాడు, వైరు తీసేస్తారని ఇప్పుడే ఎందుకు చెప్పాలనిపించింది. ఒక్క ఆదివారం చర్చిలో వినిపించి తెచ్చి ఇచ్చేద్దాం అనుకున్నాను.

ఆ ఆదివారం పాస్టరు గారు కందిరీగల మాట ఎత్తలేదు. కూటం అయ్యాక ముసలివాళ్ళు కూడా వచ్చి ప్రభుదాసు భుజం తట్టారు. వాడి తల్లి మెట్ల మీద నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇంకొక్క ఆదివారం అనుకున్నాను. మేస్త్రి బస్సు కండక్టరు చేత రెండుసార్లు కబురు చేశాడు. "ఎర్రగుడ్డ తెమ్మన్నడు సారూ, గదేందో నాకు తెల్వదు" అన్నాడు కండక్టరు. వస్తున్నానని చెప్పు అన్నాను. షెడ్డు నా బడికి ఆరు మైళ్ళు. ఆరు మైళ్ళు పోవడానికి నాకు మూడు వారాలు తీరిక లేదు.

నాలుగో వారం అడవి వైపు ఒక ఊళ్ళో సువార్త కూటాలు పెట్టారు. మధ్యాహ్నం వాన పడి వెలిసింది. సాయంత్రం నాలుగింటికి ఎండ కాసింది. పందిట్లో నేల మెత్తగా తడిసి ఉంది, దాని మీద గోనెపట్టాలు పరిచారు. స్తంభం నుంచి వైరు లాగి ఆంప్లిఫయరుకు కరెంటిచ్చారు. అందరం పందిరి బయట చెప్పులిడిచి లోపలికి పోయాం. నా పాత గిటారు గుయ్ మంటూనే ఉంది. ప్రభుదాసు బేస్‌లో చడీచప్పుడూ లేదు. మొదటి పాట బాగానే సాగింది, ఆ తర్వాత ఆంప్లిఫయరులో కరెంటు లీకయిన సంగతి ఎవరికీ తెలియదు. రెండో పాట మొదలుపెట్టే ముందు వాడు తీగ శ్రుతి చేసుకోవడానికి చెయ్యి వేశాడు.

అంతా అయ్యేసరికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. వాడు అరవలేదు. తీగల మీద వేళ్ళు బిగుసుకుపోయి, నిలబడ్డవాడు నిలబడ్డట్టే పక్కకు ఒరిగాడు. ఏదో పరవశం అనుకొని ముందు వరసలో ఎవరో "స్తోత్రం" అన్నారు. ఒకాయన పరిగెత్తి వైరు పీకాడు. జీపులో వేసుకొని గోదావరి బ్రిడ్జి దాటి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరు నాడి పట్టుకొని చూసి వదిలేశాడు. నేనూ అదే ఆంప్లిఫయరుకే తగిలించాను. అదే నేల మీద ఉత్తకాళ్ళతోనే నిలబడ్డాను. నా గిటారులో వైరు లేదు. నాకేం కాలేదు.

మర్నాడు పొద్దున మేస్త్రి ప్రభుదాసు ఇంటికి వచ్చాడు. వాకిట్లో జనం. బేస్‌ను ఎవరో గోడకు ఆనించి పెట్టారు. దాన్ని నేల మీద పెట్టి స్క్రూలు విప్పాడు. పట్టీ కింద వైరు అలాగే ఉంది. తల దగ్గర గుడ్డ లేదు. పట్టుకారుతో వైరు కత్తిరించి లేచి నిలబడ్డాడు. నేను ఆయనకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఇప్పుడు నా పేరు చెబుతాడు అనుకున్నాను.

"ఈ వైరు నేనేసిన. ఎయ్యొద్దని తెలిసి ఏసిన. తప్పు నాది" అన్నాడు అందరికీ వినపడేటట్టు.

ప్రభుదాసు తల్లి శవం దగ్గర నుంచి లేచి వచ్చింది. వాకిట్లో మట్టి దోసెడు తీసి ఆయన ముఖాన కొట్టింది. "నా కొడుకును మింగినవ్ గదరా" అంది. ఆయన కళ్ళజోడు తియ్యలేదు, ముఖం తుడుచుకోలేదు. నా వైపు చూడనూ లేదు. నేను నోరు తెరవాల్సిన నిమిషం అదే. తెరవలేదు. భయపడ్డాను. ఎవరికి భయపడ్డానంటే, ఆ తల్లి చేతిలో మిగిలిన మట్టికి.

ఆ తర్వాత ఆయన గిటార్లు చెయ్యలేదు. అప్పటిదాకా చేసినవి ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడికల్లా పోయాడు. సైకిలు మీద, బస్సు మీద, కొన్ని ఊళ్ళకు నడిచి. ప్రతిదీ విప్పి చూశాడు, మళ్ళీ ఎవరైనా వైరు వేశారేమోనని. కొందరు జాలిపడి టీ ఇచ్చారు, కొందరు హంతకుడొచ్చాడని తలుపేసుకున్నారు. పెనుబల్లి ఆసామి ఇంటికీ పోయి, బూట్ల అబ్బాయి ముందే ఆ వైరు కూడా కత్తిరించి వచ్చాడు. ఇదంతా నాకు కండక్టరే చెప్పేవాడు, నేను అడక్కపోయినా.

నేను తల్లాడకు బదిలీ పెట్టుకున్నాను. పోయేముందు ఒకసారి షెడ్డుకు వెళ్ళాను. కిటికీ చట్రం చిత్రిక పడుతున్నాడు. వెదురు బొంగు ఖాళీగా ఉంది.

"ఆమెకు చెప్పేస్త మేస్త్రీ. నేను అడిగితేనే వేసినవని, గుడ్డ నేనే విప్పినని చెప్పేస్త" అన్నాను.

ఆయన చిత్రిక ఆపలేదు.

"చెప్తే పిల్లగాడు లేసొస్తడా? నీకు సర్కారు నౌకరి, ఇంట్ల చిన్నపిల్లలు. గీ ఊళ్ళ నిన్ను బతకనియ్యరు. అయినా అడిగినోని తప్పేంది సారూ? ఎవడైన అడుగుతడు. చెయ్యొద్దని తెలిసినోడు చెయ్యొద్దు. గది పనోని లెక్క."

నిజంగా నన్ను కాపాడాలనే అన్నాడో, నా ముఖం చూడలేక అన్నాడో ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. హాయిగా ఊపిరి పీల్చుకొని బస్సెక్కాను. ఆ హాయి గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది. పదకొండేళ్ళు ఆయన ఇచ్చిన ఆ సెలవును వాడుకున్నాను. ఆయన బతికి ఉండగా తిరిగి ఇవ్వలేదు.

మట్టికి పదిహేను మంది కూడా రాలేదు. పాస్టరు గారు కొత్తవారు, ఈయన ఎవరో ఆయనకు సరిగ్గా తెలియదు. మంచి వడ్రంగి అని చెప్పి ప్రార్థన చేశారు. గుప్పెడు మట్టి వేసి, బస్సుకు పోవాల్సినవాణ్ణి ప్రభుదాసు వాళ్ళ పేట వైపు తిరిగాను. ఇంకా వెలుగుంది.

ప్రభుదాసు తల్లి వాకిట్లోనే ఉంది. బాగా ముసలిదైపోయింది. నన్ను గుర్తుపట్టి సంతోషపడింది. "ఎన్నేండ్లకొచ్చినవ్ సారూ, నా కొడుకు దోస్తువు" అని మంచం వాల్చింది, గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నడిచి వచ్చానేమో, సగం గడగడా తాగేశాను. తాగాక చెప్పాను. స్టూడియో సంగతి, మేస్త్రిని నేనన్న మాట, ఎర్రగుడ్డ, ఫొటో, కబుర్లు పంపినా నేను పోకపోవడం. ఏదీ దాచలేదు.

ఆమె గుమ్మం వైపు చూపించింది. తలుపు, దర్వాజా గట్టిగా, నున్నగా ఉన్నాయి.

"గివి ఆయన చేసినయే. ఏటేట వానలకు ముంగట వస్తుండె. పిలవకుంటనే వస్తుండె. చెడిపోయిన కర్ర తీసి కొత్తది ఏస్తుండె. నేను లోపట కూసోని తిడుతుంటి. నోటికొచ్చినట్టు తిడుతుంటి సారూ. పని అయినదాంక ఇని, పోతుండె. గట్ల పదకొండేండ్లు. ఒక్కనాడు కుండల నీళ్ళు ముంచియ్యలే."

నా చేతిలో గ్లాసు ఉంది. కింద పెట్టాలో పట్టుకోవాలో తెలియలేదు.

"నాకెందుకు చెప్పలే ఆయన?" అంది.

"నన్ను కాపాడిండమ్మా."

ఆమె తలూపింది. లేచి వచ్చి నా చేతిలో గ్లాసు తీసుకుంది. మిగిలిన నీళ్ళు వాకిట్లో పారబోసింది. నేను తల వంచుకొని కూర్చున్నాను. మట్టి తీసి కొడుతుందనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను. కనీసం తిట్టమన్నాను. "తిట్టమ్మా, నన్ను తిట్టు" అన్నాను ఏడుస్తూ.

"ఏం తిట్టాలె సారూ" అంది. "నా తాన ఉన్న తిట్లన్ని ఆయన్నే తిట్టిన. నీకు ఏం మిగల్లే."

లోపలికి పోయి, ఆయన చేసిన తలుపు వేసుకుంది.